చెల్లెలి తెల్లకోటు

చెవిటికల్లు దశరథరామయ్యను మోసం చెయ్యగలిగిన మనిషి కృష్ణకు ఈ గట్టునా పుట్టలేదు, ఆ గట్టునా పుట్టలేదు. ఇది నా మాట. కావాలంటే పందెం కాస్తాను. సంతలో ముసలి గేదె కొమ్ములకు నూనెమసి పూసి, రెండో ఈతదని అమ్మజూపినవాణ్ణి, గేదె నోరైనా తెరిపించకుండా, అది తోక ఊపే తీరు చూసి పట్టుకున్న మనిషి ఆయన. కాటా దగ్గర దళారి బొటనవేలు ఎక్కడుందో అటు వీపు పెట్టి కూర్చుని చెప్పగలడు. వరదనీరు వస్తే దోసిట్లోకి తీసుకుని, నాలుక మీద వేసుకుని, ఇందులో పాలేటి నీళ్ళెన్ని, అసలు కృష్ణనీళ్ళెన్ని అన్నది వేరుచేసి చెబుతాడట. ఆ ఒక్కటీ మాత్రం ఆయనే చెప్పగా విన్నాను.

అంతటివాడు, నందిగామలో ఒక ఆసుపత్రి గేటు పక్కన, సిమెంటు బల్లమీద, టిఫిను క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అరచేత్తో మాటిమాటికీ మూత తడిమి చూసుకుంటున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది. లోపలికి వెళ్ళే దారే లేదు.

ఆసుపత్రి పేరెందుకు లెండి. హైవే మీద లారీ హారను కొడితే మంచాల మీద రోగులు ఉలిక్కిపడేంత దగ్గరలో ఉంటుంది. అందులో స్త్రీల వార్డు. సాయంత్రం గంట కొట్టి తలుపు తీసినప్పుడు తప్ప మగపురుగు లోపలికి పోకూడదని రూలు. ఆ రూలుకు కాపలా జయరాజ్. వరండా మెట్ల మీద, సరిగ్గా మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మెళ్ళో ఈల వేలాడేసుకుని కూర్చుంటాడు. పిల్లి దూరాలన్నా అతని కాళ్ళ మధ్యనించి దూరాల్సిందే.

"జయరాజూ, అన్నం ఇచ్చి వచ్చేస్తానయ్యా. నిమిషం పట్టదు."

"రూల్ లేదండి పెద్దయ్యగారూ."

"పోనీ నువ్వు తీసికెళ్ళి ఇయ్యి."

"నేనూ మగాణ్ణేగదండి."

దశరథరామయ్య క్యారియరు పట్టుకుని మళ్ళీ బల్లమీదికే వచ్చాడు. వార్డు ఆయమ్మకు తీరిక దొరికి, క్యారియరు లోపలికి వెళ్ళేసరికి చారు మీద నెయ్యి గడ్డకట్టింది.

లోపల ఉన్నది ఆయన భార్య రాఘవమ్మ. పిత్తాశయంలో రాళ్ళు. తియ్యాలి. తియ్యడానికి డాక్టరు కృష్ణప్రియ సిద్ధం, దశరథరామయ్య సిద్ధం. సిద్ధం కానిది రాళ్ళున్న మనిషి ఒక్కతే. పోయిన నెల ఇలాగే చేర్పిస్తే, తీరా థియేటరుకు తీసుకెళ్ళే వేళకి మంచం ఖాళీ. ఆకుపచ్చ గౌను మీదే చీర చుట్టుకుని, స్టాఫు వాళ్ళ వెనకదారిన నడిచి వెళ్ళి, బస్సెక్కి, ఇంటికెళ్ళి గేదెకు కుడితి పెడుతోంది. "మత్తిచ్చి పడుకోబెడతారు సరే, మళ్ళా లేస్తానని ఎవరు పూచీ?" అని అడిగింది. పూచీ ఎవరుంటారు?

ఈసారి కృష్ణప్రియ ఆయన్ని పక్కకు పిలిచి చెప్పింది. చిన్నపిల్ల, కోడలి వయసుంటుంది. మాట మాత్రం నాన్చదు.

"ఈ నెలలో రెండుసార్లు నొప్పొచ్చింది. ఒక రాయి జారి గొట్టానికి అడ్డం పడిందంటే కామెర్లు, చీము, ఒళ్ళంతా విషం. అప్పుడు తీసుకొస్తే నా చేతుల్లో ఉండదు పెద్దాయనా. ఒప్పించుకోండి."

ఒప్పించడానికి లోపలికి పోనివ్వాలిగా? పోనిచ్చిన ఆ కాస్తసేపట్లో ఆయన నోరు తెరిచి ఆపరేషన్ అనగానే రాఘవమ్మకు బీపీ పెరిగేది. పెరిగిన బీపీ చూసి నర్సు కృపాజ్యోతి ఆయన్ని బయటికి పంపేసేది. బీపీ దిగితే గానీ కొయ్యరు, కోస్తామంటే బీపీ దిగదు. దశరథరామయ్య సిమెంటు బల్లమీద కూర్చుని హైవే మీద పోయే ముక్త్యాల సిమెంటు లారీలు చూస్తూ, 'నా చేతుల్లో ఉండదు' అన్న మాటను నములుతున్నాడు. మింగుడు పడటంలేదు.

ఆ సాయంత్రం గంట కొట్టగానే లోపలికి వెళితే, రాఘవమ్మ మంచం మీద బాసింపట్టు వేసుకుని, పక్క మంచం ముసలామెకు బత్తాయి తొనలు ఒలిచి పెడుతోంది. ఆ ముసలామె పేరు వజీరా. జగ్గయ్యపేట. ఆమెకూ ఇవే రాళ్ళు, ఇదే ఆపరేషను. అయిపోయింది, కానీ సుగరు ఉండటంవల్ల పుండు నెమ్మదిగా మానుతోందని ఉంచారు.

"ఇదుగో," అంది రాఘవమ్మ, తొన మీది పొర తీస్తూ. "చేయించుకుంటాలే."

"ఏంటి?"

"చెవుడా? ఆపరేషను. చేయించుకుంటా. డాక్టరమ్మకి చెప్పు."

దశరథరామయ్య చుట్టూ చూశాడు. కృపాజ్యోతి అప్పుడే బీపీ పట్టీ విప్పి, అంకె చూసి, మరోసారి చూసి, రాసుకుని వెళ్ళింది.

"ఎవరు చెప్తే ఒప్పుకున్నావే? నేను నెలనించీ గొంతు చించుకుంటున్నా."

"ఆ బాబు చెప్పాడు." గడ్డంతో చూపించింది. "అదుగో, తెల్లకోటు."

వార్డు చివర, కిటికీ పక్కన, సన్నగా పొడుగ్గా ఒకతను. తెల్లకోటు. జేబులో రెండు పెన్నులు. మంచం అంచున కూర్చుని ఒక ముసలమ్మ చెబుతున్నదంతా వింటున్నాడు. అంత ఓపిగ్గా వినే డాక్టరును దశరథరామయ్య తన జన్మలో చూడలేదు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టబోయాడు కూడా.

అప్పుడు ఆ డాక్టరు ముసలమ్మ అరచేతిని రెండు వేళ్ళతో అందుకున్నాడు. పైవైపు ఒకసారి చూశాడు. తర్వాత మెల్లగా మణికట్టు దగ్గర తిప్పి, అడుగువైపు వెలుతురుకు పెట్టి, తల వంచి, కన్ను చికిలించి చూశాడు. బొటనవేలితో ఒక్కసారి రుద్ది, ఆ వేలిని తన కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

దశరథరామయ్య చేతులు సగంలో ఆగిపోయాయి.

అది నాడి చూడటం కాదు. అది ఆకు చూడటం. మిరపాకు ముడుచుకుంటే పైన చూసి లాభంలేదు, తిప్పి అడుగున చూడాలి, నల్ల తామర పురుగు అక్కడ ఉంటుంది. రుద్ది చూస్తే వేలికి అంటుతుంది. ఆ చెయ్యి ఆయనకు తెలుసు. కోటు వైపు చూశాడు. గుండీలు ఎడమవైపున్నాయి, ఆడపిల్లల చొక్కాకు ఉన్నట్టు. చేతులు మణికట్టు దాకా చాలలేదు. కుడి మోచేతి దగ్గర యాసిడ్ పడ్డట్టు చిన్న చిన్న చిల్లులు. ముఖం చూశాడు. జగ్గయ్యపేటలో పురుగుమందుల కొట్టు. గల్లా ముందర నిలబడి, ఇదే వంగడం, ఇదే చికిలింపు.

"ఏమయ్యా, అట్లా బిగుసుకుపోయావ్?" అంది రాఘవమ్మ.

"ఏం లేదు. మంచి డాక్టరు," అన్నాడు దశరథరామయ్య.

మామూలప్పుడైతే ఆయన ఆ క్షణాన్నే వార్డు మధ్యలో నిలబడి, తువ్వాలు భుజం మారుస్తూ, ఆ మనిషి వంశం మొత్తం విప్పేవాడు. కానీ రెండు అడ్డంకులు. ఒకటి, నెలరోజుల్లో మొదటిసారి రాఘవమ్మ 'చేయించుకుంటా' అంది. రెండోది ఇంకా ఇబ్బందికరమైనది. పోయిన పంటకు ఈ మనిషి చేతుల మీదుగానే దశరథరామయ్య ఒక నీలం సీసా కొన్నాడు. తోటంతా కొట్టాడు. మర్నాడు పొద్దున చూస్తే పురుగులు తలంటి పోసుకుని వచ్చినట్టు నిగనిగలాడుతున్నాయి. తనను మోసం చేసేవాడు పుట్టలేదని ఊరంతా చెప్పుకునే మనిషి ఆ సీసాను ఏం చెయ్యాలి? గడ్డివాము వెనక గొయ్యి తీసి పాతిపెట్టాడు. ఇంట్లో కూడా చెప్పలేదు.

గంట కొట్టారు. కృష్ణప్రియకు చెబితే ఎల్లుండి చేస్తానంది. బయటికొచ్చి, బైకులు పెట్టే రేకుల షెడ్డు దగ్గర కాపుకాశాడు. కాసేపటికి తెల్లకోటు వచ్చింది. మెట్ల దగ్గర జయరాజ్ లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. పొద్దుటినించీ దశరథరామయ్యకు పక్కకు కూడా జరగని కుర్చీ అది. షెడ్డు నీడలోకి రాగానే కోటు విప్పి, మడతపెట్టి, విత్తనాల కంపెనీ సంచిలో పెట్టుకుంటున్నాడతను.

"డాక్టరుగారూ!"

అతను తుళ్ళిపడి తిరిగాడు.

"నమస్కారమండి. మా మిరపతోటలో నల్ల తామర పడిందండి. ఏం కొట్టమంటారు?"

"పూత మీదుందాండి? పూత మీదుంటే పొద్దునపూట కొట్టకండి, సాయంత్రం చల్లబడ్డాక, ఆకు అడుగు తడిసేట్టు లీటరు నీళ్ళకి..." అని, అక్కడ ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

హైవే మీద ఒక లారీ పోయింది. ఇంకొకటి పోయింది.

"నీ పేరేంటబ్బాయ్?"

"ఫారూఖండి. నేనేం తప్పు చెయ్యలేదు బాబాయ్. అంటే, చేశాననుకోండి."

చెప్పుకొచ్చాడు. వజీరా అతని తల్లి. కొడుకు కలిపి పెడితే తప్ప ముద్ద మింగదు, సుగరు మనిషి, తినకపోతే కళ్ళు తిరుగుతాయి. చెల్లెలు గుల్షన్ మొన్ననే పురుడు పోసుకుంది, రాలేదు. మగవాడికి రూలు లేదు. ఒకరోజు తల్లి అన్నం గిన్నె నిండుగానే బయటికి తిరిగివస్తే అతనికి ఏడుపొచ్చింది. ఇంట్లో చెల్లెలు డిగ్రీలో ల్యాబుకి వేసుకున్న కోటు కొక్కేనికి ఉంది. మర్నాడు అది తొడుక్కుని వచ్చాడు. అడ్డుకుంటే అసలు సంగతి చెప్పి కాళ్ళు పట్టుకుందామనుకున్నాడు. జయరాజ్ లేచి సెల్యూట్ కొట్టాడు.

"మరి మిగతావాళ్ళ చేతులెందుకు తిప్పి చూస్తున్నావ్?"

"అమ్మ దగ్గరికి పోతుంటే దారిలో 'బాబూ, బాబూ' అని పిలుస్తారండి. పిలిస్తే పలక్కుండా ఎట్టా పోనూ? కొట్లో అలవాటు. మందులేం చెప్పను బాబాయ్, మా అమ్మ తోడు. నర్సమ్మ గబగబా చెప్పి పోయిందే నేను నిదానంగా మళ్ళీ చెప్తా. మంచినీళ్ళు తాగమంటా. అంతే. ఇంక రేపట్నించి రాను. భయమేస్తంది."

దశరథరామయ్య గబుక్కున అతని సంచి పట్టుకున్నాడు.

"రాకపోతే ఊరుకుంటానా? మా ఆవిడ నీ మాట మీద ఒప్పుకుంది. ఎల్లుండి ఆపరేషను. అది అయ్యేదాకా నువ్వు డాక్టరువే. తర్వాత ఏ పురుగుమందన్నా అమ్ముకో." గొంతు తగ్గించాడు. "ఆ నీలం సీసా సంగతి మాత్రం ఎక్కడా ఎత్తకు."

"ఏ నీలం సీసాండి?"

"గుర్తులేదా? మంచిది. అట్లాగే ఉండు."

దొంగను పట్టుకోవడం దశరథరామయ్యకు జీవితమంతా చేతనైన పని. దొంగను దాచడం అలవాటు లేని పని. అలవాటు లేని పనిలో మనిషి ఒక చెయ్యి ఎక్కువ వేస్తాడు. మర్నాడు పొద్దున జయరాజ్ గడ్డం గోక్కుంటూ, "ఆ పొడుగు డాక్టరుగారు ఏ డిపార్టుమెంటంటారు పెద్దయ్యగారూ? స్టాఫు గేటునించి రారు, బైకు బయట పెడతారు," అన్నాడు. అనుమానమేమీ లేదు, ఊరికే అన్నాడు. 'ఏమో' అంటే సరిపోయేది. ఏమో అన్న మాట దశరథరామయ్య నోట్లో ఎప్పుడూ పుట్టలేదు.

"ఆయనెవరో తెలీదూ? హైదరాబాదులో పెద్ద సర్జను. తల్లి ఊరు జగ్గయ్యపేట, ఆ మమకారంతో సెలవులకొచ్చి ఉచితంగా చూస్తున్నాడు. ఆయన చెయ్యి పడితే మచ్చ కూడా ఉండదయ్యా. ఒక సేటుకు ఆపరేషను చేస్తే, లేచి అద్దంలో పొట్ట చూసుకుని, చెయ్యలేదేమోనని గొడవపెట్టి రెండోసారి చేయించుకున్నాడు."

జయరాజ్ ఈల చేతిలోంచి జారింది.

మాట వరండా దాటి క్యాంటీనుకు పోయింది. క్యాంటీనులో స్తెఫను టీ వడపోస్తూ, ఆ డాక్టరుకు స్కానింగు మిషనుతో పనిలేదని, చెయ్యి తిప్పి చూస్తే లోపల ఉన్నదంతా కనపడుతుందని కలిపాడు. అది కళ్ళారా చూసిన ఆయమ్మ ఒకామె సాక్ష్యం కూడా చెప్పింది. మధ్యాహ్నానికి దుబాయి షేకు ఒకడు ఆయనకోసం విమానం పంపాడు, ఈయన తల్లిని వదిలి రానన్నాడు. సాయంత్రానికి ఆ మాట తిరిగి తిరిగి సిమెంటు బల్ల దగ్గరికే వచ్చి, దశరథరామయ్య చెవిన పడింది. "షేకా!" అని ఆయనే ఆశ్చర్యపోయాడు.

మూడోనాడు తెల్లవారేసరికి వార్డులో ఫినాయిలు వాసన. ఎండాకాలంనించీ టకటకలాడుతున్న ఫ్యాను నోరుమూసుకుని తిరుగుతోంది. దుప్పట్లు మారాయి. రోగులకు పాలు వేడిగా వచ్చాయి. "ఇవాళ ఏం పండగే?" అని వజీరా అడిగితే, కృపాజ్యోతి టోపీ సర్దుకుంటూ, "పెద్ద సారొస్తున్నారు," అంది.

ఆపరేషను రోజు కాబట్టి దశరథరామయ్యను లోపలికి రానిచ్చారు. రాఘవమ్మ ఆకుపచ్చ గౌనులో, గాజులు విప్పి రుమాల్లో మూటకట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన ఆ మూటను చొక్కా జేబులో పెట్టి, పైన చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి తీస్తే గుండె కొట్టుకోవడం బయటికి కనపడుతుందేమోనని.

పక్క మంచం దగ్గర ఫారూఖ్ తల్లికి ఇడ్లీ తుంచి పెడుతున్నాడు. అప్పుడు వచ్చింది కృష్ణప్రియ. వెనక కృపాజ్యోతి, ఆ వెనక, చరిత్రలో మొదటిసారిగా స్త్రీల వార్డులో, జయరాజ్. ఆమె నేరుగా ఫారూఖ్ ముందుకొచ్చి నిలబడింది.

"నమస్తే సర్. మీరు వస్తున్నారని నాకెవరూ చెప్పలేదు. సారీ."

ఫారూఖ్ లేచాడు. ఇడ్లీ చెయ్యి కోటుకు తుడుచుకున్నాడు.

"ఈ అమ్మగారు మీరు చెప్పాకే ఒప్పుకున్నారట. థాంక్స్. ఇంకో గంటలో చేస్తున్నా. గొట్టం దగ్గర నాకో చిన్న అనుమానం ఉంది. మీరోసారి చూస్తారా?" అని రాఘవమ్మ స్కానింగు ఫిల్ము అతని చేతికిచ్చింది. నిజంగానే అడిగిందో, పరీక్ష పెట్టిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఆమె ముఖం ఆమె చేతుల్లాగే కదలదు.

వార్డంతా మెడలు చాచింది. దశరథరామయ్య జేబు మీద చెయ్యి బిగించాడు. 'తల ఊపు. ఊపి ఇచ్చెయ్యి. నీ పుణ్యముంటుంది,' అని కళ్ళతోనే అరిచాడు.

ఫారూఖ్ ఫిల్మును రెండు వేళ్ళతో అందుకున్నాడు. కిటికీ వెలుతురుకు పెట్టాడు. కన్ను చికిలించాడు. బాగానే ఉంది. కృష్ణప్రియ తల కూడా కొంచెం ముందుకు వంగింది. తర్వాత, మెల్లగా, ఎంతో శ్రద్ధగా, ఫిల్మును తిప్పి అడుగువైపు చూశాడు. బొటనవేలితో రుద్దాడు. వేలు కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"వెనకవైపు ఏం చూస్తున్నారండీ?" అంది కృష్ణప్రియ, నెమ్మదిగా.

అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం కొట్లో అలవాటు.

"పురుగెప్పుడూ ఆకు అడుగునే ఉంటదండి," అన్నాడు ఫారూఖ్.

కొత్తగా బాగుచేసిన ఫ్యాను మాత్రం చప్పుడు లేకుండా తిరిగింది. జయరాజ్ ఈల నోట్లో పెట్టుకున్నాడు, ఊదాలో వద్దో తెలీక అట్లాగే ఉంచాడు. మంచం మీదినించి వజీరా గొంతు వినిపించింది: "ఇంక ఆ కోటు తీసెయ్ రా ఫారూఖ్. ఉక్కపోతకి చెమట్లు కారతన్నాయి. అది ఆడపిల్లది, చంకల్లో బిగుతు."

కోటు తీశాడు. లోపల కొట్టువాళ్ళు ఇచ్చిన బనీను, వీపు మీద ఎర్రటి మిరపకాయ బొమ్మ.

కృష్ణప్రియ అరవలేదు. అరిస్తే నయమనిపించింది దశరథరామయ్యకు. "ఎవరికైనా ఏదైనా మందు చెప్పారా? ఆపెయ్యమన్నారా? నిజం చెప్పండి," అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె నమ్మలేదు. మంచం మంచానికీ తిరిగి అడిగింది. మంచినీళ్ళు తాగమన్నాడని ఒకామె, మాత్ర అన్నం తిన్నాకే వేసుకోమని సిస్టరు చెప్పింది గుర్తుచేశాడని ఇంకొకామె, తన కోడలి కథ మొత్తం విన్నాడని కిటికీ పక్క ముసలమ్మ. తిరిగివచ్చి ఫారూఖ్ ముందు నిలబడింది.

"మీరు మంచివాళ్ళే కావచ్చు. కానీ వీళ్ళల్లో ఒక్కరికి ఊపిరాడక మిమ్మల్ని పిలిచి ఉంటే? మీరు చేతిని తిప్పి చూస్తుండగా మనిషి పోయేది. అర్థమైందా?"

ఫారూఖ్‌కు అర్థమైంది. ముఖం చూస్తేనే తెలుస్తోంది. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు, కళ్ళు నేలమీద పెట్టి.

దశరథరామయ్యకు ఇవేవీ వినపడటం లేదు. ఆయన రాఘవమ్మ కాళ్ళనే చూస్తున్నాడు. మంచం మీదినించి దిగుతాయి. ఇప్పుడో ఇంకాసేపటికో దిగుతాయి. వెనకదారి, బస్సు, కుడితి. తర్వాత ఒకరోజు కామెర్లు, 'నా చేతుల్లో ఉండదు పెద్దాయనా.'

"తప్పు ఇతనిది కాదమ్మా," అని అడ్డం పడ్డాడు. "హైదరాబాదు సర్జనని పుట్టించింది నేను. సేటుని పుట్టించింది నేను. షేకు మాత్రం నా వాడు కాదు. నాకు మొన్ననే తెలుసు ఇతను డాక్టరు కాదని. ఇతను పోతే మా ఆవిడ లేచిపోతుందని... అంటే, ఇంటికి పోతుందని... దాచాను. రాఘవా, దిగబాకే. నీకు దణ్ణం పెడతా."

రాఘవమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే డొక్కలో రాళ్ళు పొడుస్తాయి. డొక్క పట్టుకుని నవ్వింది.

"నీకు మొన్న తెలిసిందా? నాకు వచ్చినరోజే తెలుసు."

"ఏంటీ?"

"ఏ డాక్టరన్నా ముసలమ్మకి చిక్కు తీసి జడేస్తాడయ్యా? నువ్వు బయట బల్లమీద కూర్చున్నావ్. నేను ఈ మంచం మీదున్నా. నేనెప్పుడన్నా అతన్ని డాక్టరన్నానా?"

దశరథరామయ్య గుర్తు తెచ్చుకున్నాడు. 'ఆ బాబు' అంది. 'తెల్లకోటు' అంది. డాక్టరు అన్నది తనే.

"మరి ఎట్టా ఒప్పుకున్నావే, పురుగుమందులవాడు చెప్తే?"

రాఘవమ్మ నవ్వు ఆపి, పక్కమంచం వైపు చూసింది.

"డాక్టరమ్మ చేయించుకోమంటది, అది ఆమె పని. నువ్వు చేయించుకోమంటావ్, కోసేది నీ పొట్ట కాదు. ఈ పిల్లోడు కన్నతల్లిని ఇదే బల్ల ఎక్కించాడు. ఎక్కించి, ఆ షెడ్డులో బైకుల మధ్యన కూర్చుని ఏడ్చాడంట. ఆమె కళ్ళు తెరిచి టీ అడిగిందాకా ఏడుస్తూనే ఉన్నాడంట. నాకు చెప్పాడు. ఏ డాక్టరన్నా చెప్తాడా ఆ ముక్క? డాక్టరైతే నేను నమ్మేదాన్ని కాదు." తర్వాత కృష్ణప్రియతో అంది: "వజీరమ్మ పొట్టమీద నీ కోతలు చూశానమ్మా. చక్కగా సన్నగా కుట్టావు. పద, ఈసారి బస్సెక్కనులే."

కృష్ణప్రియ బీపీ చూడమని కృపాజ్యోతికి సైగచేసింది. బీపీ కొయ్యడానికి సరిపడా ఉంది.

థియేటరు తలుపులు మూసుకున్నాక దశరథరామయ్య రేకుల షెడ్డుకు వెళ్ళాడు. బైకుల మధ్య ఫారూఖ్ కూర్చుని ఉన్నాడు. పక్కన కూలబడ్డాడు. జేబులో గాజుల మూట తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.  కాసేపయ్యాక ఫారూఖ్, "బాబాయ్, ఆ నీలం సీసా నాకు గుర్తుంది. కంపెనీవాడు నన్నూ ముంచాడు," అన్నాడు. దశరథరామయ్య తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చెమట తుడుచుకున్నాడని ఆయన అంటాడు.

రాళ్ళు చిన్న డబ్బాలో పెట్టి చూపించింది కృష్ణప్రియ. మినపగింజలంతవి కొన్ని, కందిగింజలంతవి కొన్ని. సాయంత్రం రాఘవమ్మ కళ్ళు తెరిచింది. టీ అడిగింది. ఇవ్వకూడదన్నారు. అప్పుడు మగతలోనే మొగుడి చెయ్యి వెతుక్కుని పట్టుకుని, "ఆ గడ్డివాము వెనక నీలం సీసా... పోయిన ఏడే కనపడింది. లోతుగా పాతిపెట్టడం కూడా రాదు నీకు," అని మళ్ళీ నిద్రపోయింది.

కాబట్టి మొదట్లో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన్ను మోసం చెయ్యగల మనిషి ఈ గట్టునే పుట్టింది, ఆయన ఇంట్లోనే ఉంది, రోజూ ఆయనకు అన్నం పెడుతోంది. పందెం కాసినవాళ్ళు వచ్చి తీసుకోండి, నేను ఊళ్ళో ఉండను.

తర్వాత కృష్ణప్రియ జయరాజ్‌ను పిలిచి, కొడుకు తల్లికి అన్నం పెట్టడానికి వేషం వెయ్యాల్సిన రూలు తనకు అక్కర్లేదని, భోజనాల వేళ ఎవరొచ్చినా తెరలు లాగి లోపలికి పంపమని, గట్టిగా, అందరూ వినేట్టు చెప్పింది.

ఇంతసేపూ చెప్పినదాంట్లో నేను కల్పించింది ఆ ఒక్క ముక్కే. ఫిల్ము తిప్పి చూడటమూ, మిరపకాయ బనీనూ, సేటూ అన్నీ జరిగినవీ, అన్నవీ. కృష్ణప్రియ మాత్రం ఆ మాట అనలేదు. కోటు తీసుకుని, పోలీసులకు చెప్పకుండా వదిలేసి, వేరే ఆపరేషనుకు వెళ్ళిపోయింది. రూలు మారలేదు. బోర్డు అక్కడే ఉంది. ఈల అక్కడే ఉంది.

అయితే ఇది కల్పించింది కాదు, నందిగామ వెళితే మీరే చూడవచ్చు. అన్నాల వేళకు జయరాజ్ లేచి, కుర్చీని చేత్తో ఎత్తి, మెట్ల మధ్యనించి పక్కకు జరిపి, హైవే వైపు తిప్పుకుని కూర్చుంటాడు. ముక్త్యాల లారీలు చూస్తూ ఉంటాడు. వెనకనించి క్యారియరు గిన్నెల చప్పుడు లోపలికి పోతూ ఉంటుంది. అతనికి వినపడదు.